కెమెరాకు వీపు చూపిన రౌతు

ఛాయాసంజ్ఞలకు పతియై, ఏడు గుర్రాల పగ్గాలు చేతబట్టి, వెలుగుకే కాక నీడకు కూడా తానే కారణమైన లోకసాక్షికి నమస్కరించి ఈ మాటలు మొదలుపెడుతున్నాను. స్వస్తిశ్రీ విశ్వావసు నామ సంవత్సరం, మాఘ శుద్ధ సప్తమి, భానువాసరం. పంచాంగం దీనిని శిశిరమంటుంది. వెల్లింగ్టన్ పక్కనున్న లోవర్ హట్ ఊళ్ళో, నేను కూర్చున్న వరండాలో మాత్రం నడివేసవి. పక్కింటివారు గడ్డి కోస్తున్నారు. ఉత్తరాయణంలో మన దేశాన పగళ్ళు పెరుగుతాయి, ఇక్కడ తరుగుతాయి. ఈ తిరకాసుకు అలవాటుపడి చాలా ఏళ్ళయినా, సంకల్పం చెప్పుకునే వేళ ఋతువు దగ్గరకు రాగానే నా నాలుక ఒక క్షణం ఆగుతుంది.

పాత ఫిల్ములను బాగుచేసే ఉద్యోగంలోకి మన పిల్లలు ఇప్పుడిప్పుడే వస్తున్నారు. వారిలో ఒకమ్మాయి ఆ మధ్య మా ఇంటికి వచ్చి, "అంకుల్, మీ కెరీర్‌లో మీరు సేవ్ చేసిన బెస్ట్ ఫిల్మ్ ఏది?" అని అడిగింది. కాపాడినవాటి గురించి చెప్పుకోవడానికి సభలున్నాయి, సన్మానాలున్నాయి. నేను చెప్పదలచినది కాపాడలేకపోయిన ఒక ఫిల్ము చుట్ట గురించి, ఆ చుట్టలో గుర్రమెక్కిన ఒక స్త్రీ గురించి.

నేను చదివింది భాషాప్రవీణ. తిన్నది ఫిల్ము కూడు. యౌవనంలో మద్రాసులోని ఒక ల్యాబులో నెగటివ్ కత్తిరించే గదిలో చేరినప్పుడు మా గురువుగారు, "కత్తెరే పట్టదలచినవాడివి దర్జీ పని నేర్చుకోకపోయావా? పండక్కి నాకొక చొక్కా అయినా దక్కేది" అన్నారు. ఆ ల్యాబు మూతపడిన తరువాత, నా భార్యకు వెల్లింగ్టన్‌లో ఆసుపత్రి ఉద్యోగం రావడంతో ఈ దేశం చేరాను. చేతికి తెలిసిన పని ఒక్కటే. ఆ పని జరిగే చిన్న గది ఒకటి ఇక్కడ కూడా ఉన్నదని తెలిసి, అందులో కుదురుకుని, పదవీ విరమణ దాకా అక్కడే ఉన్నాను.

ఎక్కడో అమెరికాలో తీసిన మూకీ చిత్రాలు ఆ గదికి ఎందుకు వచ్చేవో ఒక్క మాట చెప్పాలి. ఆ రోజుల్లో సినిమా చుట్టలు దేశదేశాలు తిరిగి, అరిగి, చిట్టచివరకు ఈ దీవులకు చేరేవి. ఇక్కడినుంచి ముందుకు వెళ్ళడానికి ఊరు లేదు. వెనక్కి పంపితే ఓడ కిరాయికైనా గిట్టదు. కనుక అవి ఏ పల్లె హాలు అటకమీదో, ఏ గొర్రెల షెడ్డులోనో ఉండిపోయాయి. పుట్టినచోట నిప్పుకూ చెత్తకూ ఆహుతైన చిత్రాలు కొన్ని ఇక్కడ ఆ విధంగా బతికాయి. బతకడమన్నది పెద్ద మాటే. ఆనాటి ఫిల్ము పండులాంటిది, కుళ్ళుతుంది. ముందు బొమ్మ వెలిసిపోతుంది, పిదప జిగురు పడుతుంది, చివరకు చుట్ట మొత్తం ఒక గడ్డగా బిగిసి గోధుమరంగు పొడి రాలుస్తుంది. ఏ చుట్ట ఎప్పుడు ఏ దశకు చేరుతుందో చెప్పగల దైవజ్ఞుడు మా వృత్తిలో ఇంతవరకు పుట్టలేదు.

ఎనిమిదేళ్ళ కిందట, హేవిళంబి నామ సంవత్సరం కార్తికంలో, వైరరాప ప్రాంతంలో ఒక పాత హాలు నేలపలకలు మార్చుతుండగా రెండు డబ్బాలు బయటపడ్డాయి. మూకీ తొలినాళ్ళ కౌబాయ్ చిత్రం. చిత్రం పేరు పడే ముక్క మిగిలింది, నటుల పేర్లు పడేది మిగలలేదు. చిత్రంలోని అనేక చుట్టలలో మాకు దక్కినవి రెండు. మొదటిదానిలో నాయిక ఉన్నది: లేసు అంచు జాకెట్టు, కాటుక దిద్దిన కళ్ళు, తెరనంతా ఆక్రమించే ముఖం. రెండవది అప్పటికే జిగురు పట్టింది. పైనున్న కొద్ది పొరలు మాత్రం సులువుగా ఊడివచ్చాయి. వాటిని కత్తిరించి వేరొక డబ్బాలో పెట్టాము. వాటిలో కనబడింది దూరంగా దుమ్ము, గుర్రాలు, కెమెరాకు వీపు చూపి పరుగెత్తే ఒక రౌతు. అంతే.

మా గదిలో నాతోపాటు ఇద్దరుండేవారు. ఒకరు మాకు పైఅధికారిణి. మూకీ యుగపు వారపత్రికలన్నీ కంఠస్థం చేసిన విదుషీమణి. మరొకరు పశ్చిమతీరంలో బొగ్గుగనుల ఊళ్ళో పుట్టి, టూరింగు సినిమాలో ప్రొజెక్టరు తిప్పి మా దగ్గర చేరిన సహోద్యోగి. నా నుదుట కుంకుమబొట్టు చూసిన మొదటిరోజు, "సిగ్నల్ ఎర్రగా ఉంది, లోపలికి రావచ్చా?" అని అడిగినవాడు. టీ వేళ నా పులిహోర సగం అతనిదే.

డబ్బాలు దొరికిన వార్త స్థానిక పత్రికలో వచ్చింది. ఆ ఆదివారమే, మా వీధిలో ఉండే గుంటూరు జిల్లా నర్సు ఒకామె చర్చి నుంచి వస్తూ మా గుమ్మంలో ఆగింది.

"అంకుల్, మీ ఆఫీసులో కౌబాయ్ సినిమా దొరికిందంట కదా. మా రెస్ట్‌హోమ్‌లో ఒక పెద్దావిడకి ఆ వార్త చదివి వినిపించా. అప్పట్నుంచీ ఆ పేపరు వదలట్లా. అందులో వాళ్ళమ్మ ఉందంట."

"వాళ్ళమ్మ సినిమానటా?"

"అట్టానే చెప్తది. వాళ్ళ మేనల్లుడేమో వయసైపోయింది, ఊహలు అంటాడు. ఊహలేంటంకుల్, నా డ్యూటీ రోస్టర్ నాకన్నా ఆవిడకే బాగా గుర్తు. మీరొకసారి వచ్చి మాట్లాడండి. పుణ్యముంటది."

అధికారిణీ నేనూ కలిసి వెళ్ళాము. తొంభైకి దగ్గరపడ్డ మనిషి, కిటికీ పక్కన నిటారుగా కూర్చుని ఉన్నది. మేము ఎదురుగా కుర్చీలు వేసుకోబోతే వారించింది.

"ఎదురుగా వద్దు. ఎదురుగా ఉన్నదంతా నాకు మసక. కాస్త పక్కకు కూర్చోండి."

కుర్చీలు పక్కకు జరుపుకున్నాము. జరుపుకుని, ఆ మాటను అక్కడే వదిలేశాము.

ఆమె తల్లి కాలిఫోర్నియానుంచి స్వారీ విన్యాసాల బృందంతో ఇక్కడికి వచ్చి, వైరరాపలో గొర్రెల రైతును పెళ్ళాడి నిలిచిపోయిందట. అత్తవారికి సినిమా అన్న మాట గిట్టదు. కనుక ఆమె వారి ఎదుట ఆ మాట ఎత్తేది కాదు. ఒక్కసారి మాత్రం, గొర్రెల ఉన్ని కత్తిరించే రోజుల్లో, ఎవరో ఈ చిత్రం పేరు ఎత్తితే, "అందులో నేనున్నాను" అన్నదట.

"నేనది బడిలో చెప్పాను" అన్నది పెద్దావిడ. "హాల్లో ఆ పాత బొమ్మను పిల్లలకోసం ఒకసారి వేశారు. పేర్లు పడుతుంటే తరగతి అంతా నావైపు చూసింది. అమ్మ పేరు రాలేదు. అక్కడే లేచి ఇంటికి పోయాను, బొమ్మ చూడనేలేదు. అప్పటినుంచి ఆ ఊళ్ళో నేను అబద్ధాల పిల్లను. మా తమ్ముడి కొడుకు ఇప్పటికీ నవ్వుతాడు, మర్యాదగా నవ్వుతాడు. నేను పోయేలోగా అమ్మను ఒకసారి చూడాలి. వాడు నా పక్కన ఉండగా చూడాలి."

తల్లి ఫోటో ఒకటి చూపించింది. తోటలో నిలబడ్డ ముసలామె. అధికారిణి ఆ ఫోటో పక్కన, ఫిల్మునుంచి అచ్చు తీసి వెంట తెచ్చిన మన నాయిక ముఖం పెట్టి చాలాసేపు చూసింది. "గడ్డం చూడండి" అన్నది నాతో. చూశాను. గడ్డం కలిసినట్టే ఉన్నది. గడ్డాలు కలపాలనుకుంటే ప్రపంచంలో ఏ రెండు గడ్డాలైనా కలుస్తాయని నాకు ఆనాడు తోచలేదు.

తరువాతి వారమంతా అధికారిణి పాత వారపత్రికలు తిరగేసింది. తల్లి పేరు దొరికింది. సినిమా ఒక్క చుట్టలోనే ముగిసిపోయే తొలిరోజుల్లో ఆమె నాయిక. దోపిడీ దొంగల వెంట గుర్రంమీద పోయేది, రైలు కప్పుమీదికి దూకేది. గోడపత్రికలో ఆమె పేరే పైన ఉండేది. సినిమాలు నిడివి పెరిగినకొద్దీ ఆ పేరు కిందికి జారి, ఒక ఏడాదికల్లా మాయమైంది. సరిగ్గా ఆ ఏడాదే ఆ పత్రికల్లో మన చిత్ర నాయిక ఒక కొత్త పేరుతో వెలసింది. "పేరు మార్చుకుంది, ఆ రోజుల్లో అందరూ మార్చుకునేవారే" అన్నది అధికారిణి. సాక్ష్యాలన్నీ ఒకదానిలో ఒకటి చక్కగా అమరాయి. అంత చక్కగా అమరినప్పుడే అనుమానించాలని శాస్త్రం చదివినవాడికి తెలియాలి. తెలియలేదు.

నిర్ణయం తీసుకోవలసిన రోజు వచ్చింది. పాత చుట్టనుంచి కొత్త ఫిల్ముమీదికి ప్రతి తీసే యంత్రం మాది కాదు, వేరే ల్యాబుది. వేసవి సెలవులకు వారు తలుపులు మూసేలోగా ఒక్క చుట్టకే వ్యవధి ఉన్నది. మా పనిలో ఒక ఆనవాయితీ ఉండేది: మనుషుల ముఖాలు స్పష్టంగా ఉన్న చుట్ట ముందు. ముఖముంటే మనిషిని గుర్తించవచ్చు, మనిషిని గుర్తిస్తే చిత్రానికి చరిత్ర నిలబడుతుంది. దుమ్మూ గుర్రాలూ ఏ కౌబాయ్ చిత్రంలోనైనా ఉంటాయి.

పశ్చిమతీరం మనిషి ఒప్పుకోలేదు. "జలుబు చేసినవాణ్ణి ముందు, ప్రాణం పోయేవాణ్ణి తరువాత చూసే డాక్టరును నేనెక్కడా చూడలేదు."

"రెండోదాన్లో ఎవరి ముఖమైనా ఉందా?" అన్నది అధికారిణి.

"లేదు. గుర్రాల ముఖాలున్నాయి. చాలా అందగత్తెలు."

"ఆ పెద్దావిడ ఎదురుచూస్తున్నది గుర్రంకోసం కాదు, తల్లికోసం. రెండోది చల్లటి గదిలో ఉంటుంది. ఫిబ్రవరిలో చేద్దాం."

ఇద్దరూ నావైపు చూశారు. రసం పుట్టేది ముఖంలోనే అని నేర్చుకున్న చదువు నాది. ముఖమే ముందు అన్నాను. పశ్చిమతీరం మనిషి భుజాలెగరేసి, "ఇద్దరు పండితులు, ఒక కూలి. నేను ఓడిపోయాను" అని టీ పెట్టడానికి లేచాడు. ఆనాడు మా ముగ్గురిలో ఎవరికీ దురుద్దేశం లేదు. ఉండి ఉంటే తలచుకోవడం ఇంత కష్టంగా ఉండేది కాదు.

మొదటి చుట్ట ప్రతి దివ్యంగా వచ్చింది. వేసవి సెలవులు గడిచాయి. పుష్యమాసంలో పనిలోకి తిరిగివచ్చి రెండవ డబ్బా మూత తీశాము. తీయకముందే వాసన చెప్పింది. చుట్ట లేదు, చుట్ట ఆకారంలో ఒక గడ్డ ఉన్నది. వేలితో తాకితే పొడి రాలింది. పశ్చిమతీరం మనిషి 'నేను ముందే చెప్పాను' అనవలసిన చోట, మూత మెల్లగా తిరిగి పెట్టాడు, పడుకున్న పిల్లవాడికి దుప్పటి కప్పినట్టు.

"పోనీ, ఆమె చూడవలసింది ఇందులో లేదు కదా" అన్నది అధికారిణి. ఆ మాట ఆమె తనకు తాను చెప్పుకుంటున్నదని మాకు తెలుసు.

ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం ప్రదర్శన పెట్టాము. మా చిన్న హాల్లో ముందువరసలో పెద్దావిడ, ఆమె కుడిపక్క మేనల్లుడు, ఎడమపక్క నర్సు. మేనల్లుడు మర్యాదస్థుడు, మాకోసం కేకు కూడా తెచ్చాడు. దీపాలు ఆరాయి. నాయిక ముఖం తెరమీద వెలిగింది. కన్నీటిచుక్క చెక్కిలిమీద జారడం కూడా కనబడేంత స్వచ్ఛంగా. నాయిక లాయం దాకా పరుగెత్తి, గుర్రం జీనుమీద చెయ్యి వేసి, వెనుదిరిగి ఒకసారి చూసింది. అక్కడికి చుట్ట అయిపోయింది.

దీపాలు వెలిగాయి. పెద్దావిడ చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నది.

"బాగుంది. ఎవరా అమ్మాయి?"

అధికారిణి మోకాళ్ళమీద కూర్చుని, "మీ అమ్మగారు" అన్నది.

"కాదు."

మేనల్లుడు మెత్తగా అందుకున్నాడు. "ఆంటీ, మీకు ముఖాలు సరిగ్గా కనబడవు కదా."

"ముఖం కనబడలేదు, నిజమే. నడక కనబడింది. ఆ అమ్మాయి నేలంటే భయపడ్డట్టు నడిచింది. మా అమ్మ అట్లా నడవదు." ఆమె అధికారిణి ఉన్న దిక్కుకు తల తిప్పింది. "గుర్రం దాకా వచ్చి ఆగిపోయింది. ఎక్కేది ఎవరు?"

"అది తరువాతి చుట్టలో ఉంది."

"అయితే అది వేయండి."

అధికారిణి ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఎప్పుడు పోయింది?" అని అడిగింది పెద్దావిడ.

"ఈ వేసవిలో."

ఆమె తల ఊపింది. మేనల్లుడు ఆమెకు కోటు తొడుగుతూ, మా చెవిలో పడేటట్టు, "బాధపడకండి, ఆమెకు కాలక్షేపమైంది" అన్నాడు. ఆ దయకంటే తిట్టు నయం.

కారు పార్కింగులో నర్సు నన్ను పక్కకు పిలిచింది. "అంకుల్, తప్పుగా అనుకోవద్దు. ఆవిడకి మధ్యలో చూపు పోయింది. అంచుల్లో కదిలేది మాత్రం కనపడుద్ది. నేను అన్నం ప్లేటు కూడా పక్కనుంచే చూపిస్తా. మొహం చూపించాలని మీరందరూ అంత కష్టపడ్డారు, నాకు ఒక్క మాట చెప్పినా నేను చెప్పేదాన్ని కదా."

ఆమె చెప్పనవసరం లేదు. పెద్దావిడే మొదటిరోజు కుర్చీలు జరపమని చెప్పింది. రైల్లో ఇంటికి వస్తూ ఆ మాటే తలచుకున్నాను. దిగవలసిన స్టేషను దాటిపోయింది.

మర్నాడు పశ్చిమతీరం మనిషి, వేరొక డబ్బాలో దాచిన ఆ కొద్ది పొరలను బయటకు తీశాడు. అడగకుండానే ల్యాబుకు తీసుకుపోయి, ప్రతి తీయించి, నా చేతిలో పెట్టాడు. "పండితుడా, పోయి చూపించు. నాకు ముసలివాళ్ళ ఎదుట ఏడుపొస్తుంది" అన్నాడు.

రెస్ట్‌హోమ్‌లో ల్యాప్‌టాప్ బల్లమీద పెట్టాను. పెద్దావిడ తెరవైపు చూడలేదు. ముఖం కిటికీకి తిప్పి, కంటికొసతో తెరను పట్టుకున్నది. నాలుగైదు ఊపిరుల దృశ్యమది. నాయిక జాకెట్టులాంటి జాకెట్టే తొడుక్కున్న ఒక స్త్రీ, వీపు మనవైపు ఉంచి పరుగెత్తుతూ వచ్చి, గుర్రానికి ముందునుంచి చుట్టి అవతలిపక్కకు వెళ్ళి, దాని మెడ చాటున, రికాబులో కాలు పెట్టకుండా ఒక్క ఊపున ఎక్కింది. గుర్రం కదిలింది. దుమ్ము లేచింది.

"ఆపండి. మళ్ళీ."

మళ్ళీ వేశాను. మళ్ళీ అన్నది. ఎన్నిసార్లు వేశానో లెక్కపెట్టలేదు. నర్సు మందుల ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"కుడివైపునుంచి" అన్నది పెద్దావిడ. "అందరూ ఎడమవైపునుంచి ఎక్కుతారు. మా అమ్మ కుడివైపునుంచి. ఎందుకని అడిగితే, ఎడమవైపు కెమెరా ఉండేది, నా ముఖం దానికి పనికిరాదు అనేది. అప్పుడు నాకది తమాషా మాట అనిపించింది. మా గుర్రాలన్నిటికీ అదే అలవాటు చేసింది. కొత్తగా వచ్చిన పనివాడు ఎడమవైపునుంచి ఎక్కబోతే నేలమీద ఉండేవాడు." ఆమె నవ్వింది. నేను ఆమె నవ్వు వినడం అదే మొదలు. "సినిమాల సంగతి అమ్మ ఇంకొక్క మాట అన్నది. కెమెరా దగ్గరకు వచ్చినకొద్దీ నేను దూరమయ్యాను, అని."

"ఇది మాకు ముందే చెప్పలేకపోయారా అమ్మా?" అన్నాను. నిష్ఠూరంగా కాదు, నిస్సహాయంగా.

"మీరు గడ్డం గురించే మాట్లాడుకున్నారు" అన్నది.

అప్పుడు నాకంతా అర్థమైంది. పేరు మారలేదు, మనిషి మారింది. కెమెరా దూరంగా ఉన్నంతకాలం స్వారీ చేయగలిగినదే నాయిక. కెమెరా దగ్గరకు జరిగి ముఖాలు అడగడం మొదలుపెట్టాక, నాటకశాలలనుంచి మెత్తటి ముఖాలు వచ్చాయి. ఎండకు కమిలిన ఈ స్త్రీ వారి జాకెట్లు తొడుక్కుని, వారి బదులు ప్రాణాలకు తెగించి, వీపు చూపించింది. తన స్థానంలో నీడను నిలిపి తాను గుర్రమై అడవులు తిరిగిన సంజ్ఞాదేవి కథ మన పెద్దలు చెప్పారు. అక్కడ చివరకు భర్త వెదుక్కుంటూ వెళ్ళి ఆమెను గుర్తుపట్టాడు. ఇక్కడ వెదకవలసినవారం మేము. మేము నీడకు ప్రతి తీసి, గుర్రాన్ని డబ్బాలో వదిలాము.

"తరువాత ఏం చేస్తుంది?" అని అడిగింది పెద్దావిడ.

అధికారిణికి దొరికిన పాత వారపత్రికలో కథాసంగ్రహం ఉన్నది. "కొండచరియ దాకా తరుముకు వెళ్ళి, గుర్రంతో సహా నదిలోకి దూకుతుందట."

"దూకిందా?"

"అలా రాశారు."

"మీరు చూశారా?"

"లేదమ్మా. అది పోయిన భాగంలో ఉంది."

ఆమె కిటికీవైపు ముఖం అలాగే ఉంచి, "ఇంకొక్కసారి వేయండి" అన్నది.

ఆ ఆదివారం మేనల్లుణ్ణి పిలిపించింది. అతను వంగి శ్రద్ధగా చూశాడు. "ఎవరైనా కావచ్చు కదా ఆంటీ. ముఖమే కనబడడం లేదు" అన్నాడు. అతనిది తప్పనలేను. మా అధికారిణి కూడా, కళ్ళు తుడుచుకుంటూనే, అదే అన్నది: గుర్రమెక్కిన పక్కనుబట్టి ఒక పేరు చరిత్రకెక్కించలేము, నది దూకే దృశ్యం ఉండి ఉంటే, నీళ్ళలోనుంచి లేచేటప్పుడైనా ముఖం ఇటు తిరిగి ఉండేదేమో. ఉండేదేమో. ఆ చుట్టను తలచుకున్నప్పుడల్లా ఇప్పటికీ ఆ మాట దగ్గరే ఆగిపోతాను.

నన్ను ప్రశ్న అడిగిన అమ్మాయికి ఇవ్వగలిగిన సలహా నా దగ్గర ఏమీ లేదు. ఏ చుట్ట ముందు అన్నదానికి ఇంకొక నియమం చెబితే, అది కూడా ఏదో ఒక రోజు ఎవరికో ఒకరికి ద్రోహం చేస్తుంది. ఎవరికోసం బాగుచేస్తున్నామో వారి పక్కన కాసేపు ఎక్కువ కూర్చుని ఉంటే బాగుండేదని మాత్రం అనిపిస్తుంది.

విళంబి నామ సంవత్సరం, ఆషాఢ శుద్ధ ఏకాదశినాడు ఆ పెద్దావిడ రెస్ట్‌హోమ్‌లో మరణించారు. ఆ శ్రావణంలో రెండవ చుట్ట గడ్డను నిబంధనల ప్రకారం కాల్చివేశారు. నాయిక ముఖమున్న చుట్ట అమెరికాకు పంపబడింది. మా జాబితాలో, మిగిలిన ఆ కొద్ది పొరల వివరాల కింద, రౌతు పేరు ఉండవలసిన చోట, నేను విరమించిన నాటికి 'తెలియదు' అని ఉన్నది.